బచ్చలింటి తూము

బచ్చలిల్లు అనగానే కోస్తా చుట్టాలు బచ్చలికూర తలచుకొని నవ్వుతారు. నవ్వనీండి. మూడు తరాలుగా బెంగుళూరులో ఉన్న మాకు స్నానాలగదికి ఆ కన్నడమాటే నోటికి వస్తుంది.

మొన్న మాఘమాసములో ఆ బచ్చలింట నీరు పోవటము మందగించినది. నాలుగు చెంబులు పోసుకొనేసరికి చీలమండలదాకా సబ్బునీరు నిలిచేది. ఇంట 80 ఏళ్ళు దాటిన అమ్మగారున్నారు. కాలు జారితే మరి లేవటము కష్టము.

నేరము మా మరదలిమీద పడినది. జడ పొడుగు గదా! పాపము, ఆ పిల్ల ఒక్క మాటయినా అనక, ఆ చలిలో పెరటి కొళాయివద్ద తలస్నానము మొదలుపెట్టినది. ఇది మాకు బాగనిపించలేదు. తూములో ఏమున్నదో చూడకుండానే తీర్పా?

తమ్ముడు యాసిడ్ సీసా తెచ్చినాడు. వద్దన్నాము. ముందురోజే అక్కడ బ్లీచింగుపొడి చల్లి ఉన్నది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన గదిలో అది ప్రాణాలకే ముప్పు.

అడ్డు ఎక్కడున్నదో ముందు తెలియాలి. వంటింటి నీరు, పెరటి నీరు చక్కగా పోతున్నవి. అంటే వెలుపలి గొట్టము బాగున్నది, అడ్డు ఈ తూములోనే. అన్నీ ఒకేసారి నిలిచి ఉంటే వీధివైపు చేంబరు మూత తీయవలసివచ్చేది.

జాలీ ఎత్తి, నహానీ ట్రాపులోని కప్పు పైకి తీసి, సైకిలు చువ్వ కొన వంచి లోపల తిప్పినాము. జానెడు ముద్ద వచ్చినది. కడిగి విప్పితే పొడుగు వెంట్రుకలున్నవి, నిజమే. అమ్మగారి తెల్లవి, మా పొట్టివి, తువాలు నూలుపోగులు, సంక్రాంతినాటి సున్నిపిండి కూడా ఉన్నవి. అన్నిటినీ పట్టి ఉంచినది బూడిదరంగు జిడ్డు. అది బోరునీటి పని. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలతో సబ్బు కలిస్తే నురుగుకు బదులు కరగని తెట్టు కడుతుంది. కుంకుడుకాయతో ఈ తంటా లేదు.

తరువాత రెండు బకెట్ల వేడినీరు పోసినాము. మరిగే నీరు కాదు, ప్లాస్టిక్ గొట్టము మెత్తబడుతుంది. గుడగుడమని దిగిపోయినది. కప్పు మరల పెట్టటము మరువరాదు. దానిచుట్టూ నిలిచే సుమారు 2 అంగుళాల నీరే మురుగువాసనను, బొద్దింకలను పైకి రానీయదు.

ముద్దను కాగితముమీద పెట్టి అమ్మగారికి చూపినాము. కళ్ళజోడు సవరించుకొని, "ఇందులో నావీ తక్కువ లేవురా" అన్నారు. ఆ శుక్రవారము మరదలిని పిలిచి తామే తలకు నూనె పెట్టినారు. ఆదివారాలు జాలీ ఎత్తే పని ఇప్పుడు తమ్మునిది.