హదా కనుమలో హైబ్రిడ్ కారు

మక్కా నుండి తూర్పుగా అరఫాత్ మైదానం దాటి తాయిఫ్ వైపు సాగితే, సరవాత్ పర్వతాలు దారికడ్డంగా గోడలా నిలుస్తాయి. ఆ గోడను మెలికలు తిరుగుతూ ఎక్కే దారే హదా కనుమ. జిద్దాలో ఉద్యోగాలు చేసుకునే తెలుగు కుటుంబాలు ఎండలు ముదిరినప్పుడు, సముద్రమట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తునున్న తాయిఫ్ చల్లదనాన్ని కోరి ఈ దారి పడుతుంటాయి. దారి పక్క గోడలపై కోతుల గుంపులు కనబడితే పిల్లల ఆనందానికి అంతుండదు.

సౌదీలో పెట్రోలు చౌక కదా, పొదుపు దేనికని నవ్వేవారున్నారు. ఇంటికి పంపవలసిన రియాళ్ళను లెక్కపెట్టుకునే సంసారికి ఆ నవ్వు అంతగా రుచించదు.

హైబ్రిడ్ కారును ఎలా తోలినా తక్కువే తాగుతుందనుకోవడం భ్రమ. జిద్దా, మక్కాల మధ్య చదునైన రహదారిపై దాని ప్రత్యేకత పెద్దగా అక్కరకు రాదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కంటే 120లో గాలి నిరోధం సుమారు ఒకటిన్నర రెట్లు. అక్కడ పొదుపంతా పాదం అదుపులోనే ఉంది. కనుమ ఎక్కేటప్పుడు ఇంజను ఎలాగూ శ్రమిస్తుంది. మైలేజీ అంకె పడిపోయిందని దిగులు వద్దు. ముందున్న బండిని దాటే తొందర మానుకొని, యాక్సిలరేటరును నిలకడగా నొక్కి ఉంచితే చాలు.

అసలు విద్య దిగడంలో ఉంది. బ్రేకును ముందుగానే, మెల్లగా నొక్కితే మోటారు జనరేటరుగా మారి బ్యాటరీని నింపుతుంది. చివరి క్షణంలో గట్టిగా తొక్కితే ఆ శక్తిలో చాలాభాగం బ్రేకుల వేడిగా పోతుంది. అయితే ఒక లెక్క గుర్తుంచుకోవాలి. కుటుంబంతో, సామానుతో కలిపి 1,700 కిలోల కారు 1,400 మీటర్లు దిగితే వెలువడే శక్తి మన కరెంటు బిల్లు లెక్కలో ఆరు యూనిట్లకు పైమాటే. ఇటువంటి కార్ల బ్యాటరీ సామర్థ్యమో, ఒకటి ఒకటిన్నర యూనిట్లు. అందులోనూ కొంతభాగమే వాడకానికి వస్తుంది. కనుక సగం కొండ దిగకముందే బ్యాటరీ నిండిపోవచ్చు. ఆపైన బరువంతా బ్రేకులదే. అవి కాగిపోతే పట్టు తగ్గుతుంది. పక్కన లోయ, వెనుక సీట్లో పిల్లలు!

అందుకే చాలా టొయోటా హైబ్రిడ్లలో 'బి' అనే గేరు ఉంటుంది. కొన్నింటిలో దానికి బదులు 'ఎస్'. అది వేస్తే ఇంజను పెట్రోలు కాల్చకుండానే తిరుగుతూ కారును వెనక్కి పట్టి ఉంచుతుంది. పొదుపని భ్రమించి న్యూట్రల్‌లో దిగడం మాత్రం ఎన్నడూ కూడదు: బ్యాటరీ నిండదు, ఇంజను పట్టూ ఉండదు.

తాయిఫ్ నుండి ఉమ్రాకు వచ్చేవారు కనుమ దిగకముందే వాదీ మహ్రమ్‌లో ఇహ్రామ్ ధరించడానికి ఆగుతారు. ఆ విరామంలో వెనుక సీటు వైపు ఒకసారి చూడండి. చాలా హైబ్రిడ్లలో బ్యాటరీని చల్లబరిచే గాలి అక్కడి చిన్న జాలీ గుండానే లోపలికి పోతుంది. సంచులు, దుప్పట్లు దానికి అడ్డుపడరాదు. కొండ దిగి చదును నేలకు రాగానే గేరును తిరిగి 'డి'కి మార్చండి. అక్కడ 'బి'లోనే సాగితే పెట్రోలు వృథా.