రెండు సూదుల మిషన్

మా కొత్తకోటకు మగ్గం చప్పుడు పాతదే. రెండు సూదుల మిషన్ చప్పుడే కొత్త. బ్యాగుల పట్టీలకు జంట కుట్టు వేయాలి. రెండు గీతలూ సమానంగా రావాలని చూసీ చూసీ నా కళ్లు గుంజేవి. చీటీ డబ్బులు రాగానే మిషన్ కొంటానన్నా. "ఒక్క సూదితోనే రెండుసార్లు కుడితే కాదా బిడ్డా?" అన్నది అత్తమ్మ. చీటీ కట్టింది మరి ఆమే.

హైదరాబాద్ షాపులో రెండు రకాలు చూపించారు. జుకీలో 3528కి సూదులు రెండూ కలిసే నడుస్తాయి. 3568లో ఒక సూదిని ఆపొచ్చు. జీన్స్ జేబు మూల తిప్పేటప్పుడు లోపలి సూది ఆగాలి కదా, దానికన్నమాట. ధర కూడా ఎక్కువే. నావి నిలువు పట్టీలు, నాకు మొదటిదే చాలనుకున్నా. మిగిలిన డబ్బుతో సర్వో మోటారు తీసుకున్నా. నెమ్మదిగా నడుస్తుంది, కరెంటూ తక్కువే. సూదుల మధ్య దూరం మాత్రం ముందే తేల్చుకోండమ్మా. నేను పావు అంగుళం తీసుకున్నా. తర్వాత మార్చాలంటే ప్లేటు, పళ్లు, ఫుట్, సూది క్లాంపు అన్నీ మార్చాల్సిందే.

నూనె పోసి, మెల్లగా తిప్పి, పాత గుడ్డ మీద కుట్టా. ఎడమ గీతలో కింది దారం పైకి చుక్కలు చుక్కలుగా వచ్చింది. సూదిమార్చా, పై దారం మళ్లీ ఎక్కించా. ఊహూఁ. ఏడుపొక్కటే తక్కువ.

మగ్గం మీద బతికిన అత్తమ్మ వచ్చి, రెండు బాబిన్ల దారాలూ వేళ్లతో లాగి చూసింది.

"ఎడమది వదులుందే."

మర కాస్త బిగించా. గీతలు రెండూ కలిసి నడిచాయి. "ఇంకో గుడ్డ తే" అన్నది, కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ.