నమ్మకస్తుడు కావలెను

పత్రికల్లో “కావలెను” ప్రకటనలు మీరు చాలా చూసి ఉంటారు. వధువు కావలెను, గుమాస్తా కావలెను, అద్దె ఇల్లు కావలెను. రెండేళ్ళ క్రితం నేనూ అలాంటిది ఒకటి వేయించే పరిస్థితిలో పడ్డాను: “చిలుకను నాలుగు రోజులు చూసుకోవడానికి నమ్మకస్తుడు కావలెను.”

మాది వ్యవసాయ కుటుంబం. జొన్న పాలకంకి మీద ఉన్నప్పుడు రామచిలుకలు మాకు బద్ధశత్రువులు. గుంపుగా వాలి, తిన్నదానికన్నా కొరికి పారేసేదే ఎక్కువ. నాన్న మంచె ఎక్కి వడిసెల తిప్పితే రాయి ఈల వేసుకుంటూ పోయేది. అలాంటి నాన్నే, గాలివానకు గట్టుమీది మోడు తాటిచెట్టు కూలినప్పుడు, దాని తొర్రలోంచి ఈకలైనా రాని చిలుకపిల్లను తువ్వాలులో పెట్టుకుని తెచ్చాడు. నానబెట్టిన శనగపప్పు మెత్తగా నూరి అమ్మ వేలితో తినిపించింది. ఏడాది తిరిగేసరికి అది పాలవాడి గొంతుతో “అమ్మా, పాలు!” అని కేకవేయడం, అమ్మ గిన్నె పట్టుకుని వీధిలోకి పరుగెత్తడం మా ఇంట్లో రోజూ ఉండే వినోదం.

అక్క కొడుకు పుట్టువెంట్రుకలకు ఇంటిల్లిపాదీ తిరుమల వెళ్ళాలి. మరి చిలుక మాటేమిటి? పిన్నిని అడిగితే, “పెట్టిపోరా, మా పిల్లి కూడా చూసుకుంటుంది” అంది. వేళాకోళమో నిజమో తెలియలేదు. కిరాణాకొట్టాయన వెంటనే ఒప్పుకున్నాడు గాని, “మాట్లాడే చిలుక బజార్లో ఎంత పలుకుతుందోయ్?” అనడంతో నా గుండె జారింది. చివరికి ధైర్యం చేసి మా జువాలజీ మాస్టారిని అడిగాను. మిరపకాయలోని కారం పక్షులకు తెలియదని, అందుకే చిలుక పచ్చిమిరపకాయ నిశ్చింతగా నములుతుందని మాకు క్లాసులో చెప్పింది ఆయనే.

ఆయన అంతా విని, “ఏమోయ్, నాలుగు రోజులకు నమ్మకస్తుణ్ణి వెతుకుతున్నావు. ఏడాదిగా దాన్ని నీ దగ్గర పెట్టుకోవడానికి నీకెవరు అనుమతి ఇచ్చారు?” అన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం నేరమని, 2022 సవరణలో దాన్ని రెండో షెడ్యూల్లో చేర్చారని చెప్పారు. దాని శాస్త్రీయనామం సిట్టాక్యులా క్రామెరి అని తడుముకోకుండా చెప్పగలను. దానికో చట్టం ఉందని మాత్రం తెలియదు! వెనకటి జన్మలో చిలుకను పంజరంలో పెట్టినందుకే రామదాసు గోలకొండలో పన్నెండేళ్ళు ఖైదు అనుభవించాడని నాయనమ్మ చెబుతుంటే నవ్వేవాణ్ణి. ఆ రాత్రి నవ్వు రాలేదు.

ప్రయాణం మర్నాడే. చేసేదిలేక మంచెతాతకు అప్పగించాను. నలభై ఏళ్ళుగా మా చేలో చిలుకలు తోలే మనిషి. పొయ్యి పొగ తగలనివ్వకు, ఉప్పు వేసినవి పెట్టకు, రెండు పూటలా నీళ్ళు మార్చు అని కాగితం రాసిచ్చాను. తాత దాన్ని తలపాగాలో దోపుకుని, “నాకు చదువు రాదు గానీ మనవడా, వీటి ఆకలి నాకు తెలీదా?” అన్నాడు.

తిరిగొచ్చేసరికి చిలుక క్షేమం. తాతే చిక్కిపోయినట్టున్నాడు. “పొద్దున్నే గుంపు చేనుమీదుగా పోతుంటే ఇది ఊచలు పట్టుకుని ఒకటే అరుపు. మూడోనాడు గడియమీద చెయ్యి వేశాను మనవడా. తీయలేకపోయాను. నీ అప్పగింత గదా!” అన్నాడు.

నమ్మకస్తుడంటే ఇతనే. కానీ ఆయన నిలబెట్టింది నా నమ్మకాన్ని. చిలుక ఎవర్ని నమ్ముకోవాలి?

చేతిమీద పెరిగిన పక్షిని ఉన్నట్టుండి వదిలేస్తే బతకడం కష్టమని మాస్టారు ముందే హెచ్చరించారు. అందుకని నాన్నా నేనూ పంజరం పట్టుకుని అటవీశాఖ ఆఫీసుకు వెళ్ళాం. జరిగింది చెప్పడానికి భయపడ్డాం. చెప్పాక బరువు దిగింది. గుమ్మం దాటుతుంటే లోపలినుంచి “అమ్మా, పాలు!” అని వినిపించింది. బస్సులో నాన్న ఊరు వచ్చేదాకా కిటికీ వైపు తిరిగే కూర్చున్నాడు.

ఇప్పుడూ జొన్నచేనికి చిలుకలు వస్తున్నాయి. తాత వడిసెల తిప్పుతూనే ఉన్నాడు. రాయి మాత్రం ఈమధ్య గుంపుకు బాగా పైనుంచి పోతోందని నాన్న ఫిర్యాదు. నాన్న మంచె ఎక్కిన రోజున కూడా అంతేనని తాత నాకు రహస్యంగా చెప్పాడు.