నల్ల పాకం, పసుపు మూత

అక్టోబరు 7, 2023, శనివారం
ఫ్రిస్కో, టెక్సస్

ఈ నెల మా హోమ్‌బ్రూ క్లబ్బు మాస్టారి గరాజ్‌లో కూడింది. ఆయన హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన అమెరికన్. ఎదురుగా ఉన్నప్పుడు పేరుతోనే పిలుస్తాను, ఈ పుస్తకంలో మాత్రం మాస్టారే.

బల్ల మీద మూడు సీసాలు, మూడూ బెల్జియంవే. ఒకటి రోష్‌ఫోర్ 10, ఒకటి సెయింట్ బెర్నార్డస్ ఆబ్ట్ 12. రెంటికీ మధ్య లేబుల్ లేని గోధుమరంగు సీసా. మెడ చుట్టూ గాజులోనే ఉబ్బెత్తు అక్షరాలు, పైన పసుపుపచ్చ మూత. చెప్పాల్సిందంతా ఆ మూత మీదే అచ్చేసి ఉంది. వెస్ట్‌వ్లెటెరెన్ 12. చాలా ఏళ్ల కిందట మాస్టారు సింట్ సిక్స్‌టస్ మఠం గేటు దగ్గర కొని తెచ్చి, చీకటి అల్మరాలో దాచుకున్న వాటిలో ఒకటి.

ఆ గేటు దగ్గర కొనడం అప్పట్లో మాటలు కాదట. ముందు ఫోన్ చెయ్యాలి, ఆ లైను దొరకడమే గగనం. దొరికితే కారు నంబరు చెప్పాలి, వాళ్లన్న రోజున అదే కారులో వెళ్లాలి, మళ్లీ ఎవరికీ అమ్మనని ఒప్పుకోవాలి. 2019 నుంచి ఆన్‌లైన్ బుకింగ్ వచ్చింది. 2005లో ప్రపంచంలోకెల్లా గొప్ప బీరని పేరొచ్చాక ఆ పల్లె రోడ్డు మీద కార్లు బారులు తీరాయి. సన్యాసులు మాత్రం గిరాకీ ఉంది కదా అని కాచడం పెంచలేదు. మఠం గడిస్తే చాలన్నది వాళ్ల లెక్క. కట్టడాల మరమ్మతుకు డబ్బు కావాల్సి వచ్చినప్పుడు, 2012లో, ఆరు సీసాలూ రెండు గ్లాసులూ పెట్టిన పెట్టెలు అమెరికాకి కూడా పంపారు. అంతే.

తలా రెండు గుటకలు. మాస్టారి నియమం ఏమిటంటే తాగేటప్పుడు నోరెత్తకూడదు, ముందు చీటీ మీద రాయాలి. నా చీటీ ఇదీ: రోష్‌ఫోర్, 11.3 శాతం. చాక్లెట్, మిరియం, గొంతులో సెగ. బెర్నార్డస్, 10 శాతం. మగ్గిన అరటిపండు, ఎండుద్రాక్ష, తీపి కాసేపు నిలుస్తుంది. వెస్ట్‌వ్లెటెరెన్, 10.2 శాతం. ఖర్జూరం, అంజీరు, రొట్టె పెచ్చు. నాలుక మీద తీపిగా మొదలై, మింగాక నోట్లో ఏమీ మిగల్చదు.

ఇంత బలమైన బీరు అంత తేలిగ్గా ఎలా దిగిందా అని ఇంటికొచ్చేదాకా ఆలోచన. వసంతంలోగా వెస్ట్‌వ్లెటెరెన్ 12కి ఎవరి క్లోన్, అంటే నకలు బీరు, వాళ్లు కాచి తేవాలని తీర్మానం.

అక్టోబరు 15, ఆదివారం

స్టాన్ హైరానిమస్ పుస్తకం ‘బ్రూ లైక్ ఎ మాంక్’ మళ్లీ తిరగేశాను. 2005 నాటిది. అది రాకముందు ఇక్కడి వాళ్లు ఈ బీర్ల నలుపు చూసి, వేయించిన మాల్ట్‌లు నాలుగైదు రకాలైనా పడి ఉంటాయనుకునేవారు. పాత క్లోన్ రెసిపీలు చూస్తే స్పెషల్ బి, చాక్లెట్ మాల్ట్, క్యారమెల్ మాల్ట్ అంటూ చాంతాడంత జాబితా. తీరా చూస్తే మఠంలో వేసేది లేత మాల్ట్, చక్కెర, అంతే. రంగూ ఎండుపళ్ల వాసనా నల్ల పాకానివి. షాపుల్లో బెల్జియన్ క్యాండీ షుగర్ అని గోధుమరంగు కలకండ అమ్మేవారు, బాగా ఖరీదుకి. కలకండ కలకండే. దానికి రంగు పూసినంత మాత్రాన బీరుకి రుచి రాదు.

మొన్నటి ప్రశ్నకి జవాబు కూడా ఈ చక్కెరలోనే ఉంది. మాల్ట్‌లో ఈస్ట్ తినలేని పిండిపదార్థం కొంత మిగిలిపోయి బీరుకి చిక్కదనం ఇస్తుంది. చక్కెర అయితే మొత్తం తినేస్తుంది. బలం పెరుగుతుంది, ఒళ్లు పెరగదు.

కానీ నన్ను అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టింది ఈస్ట్ కథ. 1946లో మఠం తన బీరు కాచి అమ్మే హక్కుని పదీ పదిహేను కిలోమీటర్ల దూరంలోని వాటూ ఊళ్లో ఒక కంపెనీకి లైసెన్సు మీద ఇచ్చింది. మఠంలో బీరు కాచిన ఆయనే రెసిపీతో, ఈస్ట్‌తో అక్కడికి వెళ్లాడు. 1992లో లైసెన్సు ముగిసింది. బీరుకి ట్రాపిస్ట్ (ఆ సన్యాసుల శాఖ) అన్న పేరుండాలంటే మఠం గోడల లోపలే కాచాలి కాబట్టి మఠం పొడిగించలేదు. వాటూ కంపెనీ బీరు పేరు మార్చి అదే పని కొనసాగించింది. అదే సెయింట్ బెర్నార్డస్. తాము ఇప్పటికీ వాడేది ఆ పాత ఈస్టే అంటారు వాళ్లు. మఠం మాత్రం ఈస్ట్‌ని ఆంట్‌వెర్ప్ దగ్గరున్న వెస్ట్‌మాల్ మఠం నుంచి తెచ్చుకుంటుంది.

అంటే పేరు ఒక ఊళ్లో ఉంది, పాత ఈస్ట్ ఇంకో ఊళ్లో ఉంది. ఇందులో అసలేది, నకలేది? మా వాళ్లు ‘అచ్చు అదే రుచి’ అంటూ ఒక్కో గ్రాము దగ్గర తగాదా పడుతుంటే నాకు నవ్వొస్తుంది. పాత ఈస్ట్ రోజుల్లో తాగినవాడి నాలుకకి ఇప్పటి పసుపు మూత సీసానే క్లోన్ అనిపించొచ్చు.

ఇక్కడ దొరికే వైయీస్ట్ 3787, వైట్ ల్యాబ్స్ 530 రెండూ వెస్ట్‌మాల్ సంతతివని హోమ్‌బ్రూయర్లందరి నమ్మకం. నేను 3787 తీసుకుంటున్నాను.

అక్టోబరు 21, శనివారం

దసరా పిండివంటలకి స్టవ్ కావాలని అత్తయ్యగారు, పాకానికి నాకు కావాలని నేను. చివరికి వెనకవైపు బర్నర్ నాకు దక్కింది.

నల్ల పాకం ప్యాకెట్లలో దొరుకుతుంది, డి-180 అని. పోల్చి చూసుకోవడానికి ఒకటి కొన్నాను కూడా. అయినా చెయ్యి ఊరుకోదు కదా. పంచదారలో నీళ్లు, చిటికెడు నిమ్మ ఉప్పు వేసి మరిగిస్తే చక్కెర విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది. ఆ తర్వాత ఈస్ట్ మేత కోసం అమ్మే డీఏపీ కొద్దిగా, ఊరగాయల సున్నం కలిపిన నీళ్లు కొద్దిగా. ఉత్త చక్కెర మాడితే వచ్చేది క్యారమెల్, చేదు. డీఏపీలో నత్రజని ఉంటుంది. అది తగిలితే రొట్టె పెచ్చుని ఎర్రబరిచే చర్యే ఇక్కడా మొదలవుతుంది. సున్నం దాన్ని తొందరపెడుతుంది.

అత్తయ్యగారు బూరెల పిండి పక్కనపెట్టి వచ్చి నిలబడ్డారు.

“ఏంటి బాబూ ఇది? అరిసెల పాకమా?”

“కాదండీ, బీరులోకి.”

ఆవిడ ఇంకేమీ అనకుండా గిన్నెలో చన్నీళ్లు తెచ్చి స్టవ్ పక్కన పెట్టారు. చెంచాతో ఒక చుక్క వేసి వేళ్లతో నొక్కి చూశారు. “ఉండ కడుతోంది. దించెయ్యండి, ఇంకాసేపుంటే ముదిరిపోతుంది.” థర్మామీటర్ 118 సెల్సియస్ చూపిస్తోంది. ఆవిడ వేళ్లు చెప్పిన పాకానికి సరిగ్గా ఆ మెట్టే. నాకు కావాల్సింది 143.

“ముదిరాక కూడా వదలరా?” అని ఆశ్చర్యపోయారు. 130 దాటాక పైన బుడగలు చిన్నవై, దగ్గరదగ్గరగా పడి, రంగు ఎరుపులోకి తిరిగింది. 143 దగ్గర గరిటెడు నీళ్లు పోస్తే ఒక్కసారి బుస్సుమంది, ఇద్దరం వెనక్కి జరిగాం. వేడి దిగుతుంది, మళ్లీ ఎక్కించాలి. ఎక్కించిన ప్రతిసారీ రంగు ముదురుతుంది. చివరికి గరిటె వెనక వైపున చూస్తే అంచుల్లో ఎరుపు, మధ్యలో నలుపు. వంటిల్లంతా ఎండుద్రాక్ష వాసన.

“పోలీసులొచ్చి పట్టుకోరూ?” అనడిగారు గిన్నె తోముకుంటూ. 1978లో కార్టర్ ప్రెసిడెంటుగా ఉన్నప్పుడే చట్టం మార్చారని, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా కాచుకోవచ్చని, అమ్మడం మాత్రం నేరమని చెప్పాను. మిసిసిపీ, అలబామా అయితే 2013 దాకా ఒప్పుకోలేదని కూడా. “200 గ్యాలన్లంటే ఎన్ని బిందెలు?” అన్నారు. మా ఆవిడ హాల్లోంచి, “ఆయన చేత లెక్కలు చేయించకమ్మా, నిజంగానే కాచేస్తారు” అంది.

అక్టోబరు 22, ఆదివారం

కాచాను. ముందుముందు పనికొస్తుందని చిట్టా రాసిపెడుతున్నాను. 19 లీటర్లకి పిల్స్‌నర్ మాల్ట్ 5.5 కిలోలు, పేల్ మాల్ట్ 1.4 కిలోలు, నల్ల పాకం 1.4 కిలోలు. 65 డిగ్రీల నీళ్లలో మాష్, తొంభై నిమిషాల మరుగు. హాప్స్ చేదుకి నార్తర్న్ బ్రూవర్, చివర్లో హాలర్‌టావ్, స్టిరియన్ గోల్డింగ్. ఇందులో హాప్స్ వెనక వరసలోనే ఉండాలి. హైడ్రోమీటర్ 1.090. ముందే పెంచుకున్న ఈస్ట్ స్టార్టర్ 19 డిగ్రీల దగ్గర వేశాను.

అక్టోబరు 26, గురువారం

3787 సంగతి తెలిసినవాడెవడూ దీనికి మామూలు ఎయిర్‌లాక్ పెట్టడు. లావుపాటి గొట్టం పెట్టి రెండో కొస నీళ్ల బకెట్‌లో ముంచాను. నిన్న రాత్రి నుంచి నురగ గొట్టంలోంచి పాకి బకెట్‌లోకి దిగుతూనే ఉంది. గరాజ్ తలుపు తీస్తే లవంగం, అరటిపండు.

మొదటి రెండు రోజులు కదలనివ్వకుండా 20 దగ్గర పట్టి ఉంచాను. తర్వాత వదిలేశాను. దాని వేడికి అదే ఎక్కి ఈ పూట 28కి వచ్చింది. వెస్ట్‌వ్లెటెరెన్‌లోనూ ఇంత వేడిదాకా పోనిస్తారు. సీక్రెట్ అంటూ ఉంటే ఈ వదిలెయ్యడంలో ఉంది. మొదట్లోనే వేడెక్కితే ఘాటు ఆల్కహాళ్లు పుడతాయి, ఎక్కనివ్వకపోతే ఈస్ట్ సగం తిని పడుకుంటుంది. రెసిపీ కాగితం అందరికీ ఒకటే ఇచ్చినా పది ఇళ్లలో పది బీర్లు తయారవడం ఇందుకే.

నవంబరు 25, శనివారం

హైడ్రోమీటర్ 1.012. లెక్క కడితే 10.2 శాతం. సీసాల్లోకి దించాను. ఇంత బలంలో నెల రోజులు ఈదిన ఈస్ట్ అలిసిపోయి ఉంటుంది కాబట్టి కొత్త ఈస్ట్ కొంచెం, పంచదార 120 గ్రాములు. సీసాలన్నీ బట్టల అల్మరాలో వెచ్చగా. మా ఆవిడ చీరల అర ఖాళీ చెయ్యడానికి ఒప్పుకోలేదు.

జనవరి 20, 2024, శనివారం

క్లబ్బులో కొత్తగా చేరిన కుర్రాడు కాంటియోన్ గ్యూజ్‌కి క్లోన్ కాస్తానన్నాడు. ఎవరూ నవ్వలేదు కానీ ఎవరూ అవునూ అనలేదు. ఈ పని కుదరదని నా గట్టి అభిప్రాయం. బ్రసెల్స్‌లోని ఆ బ్రూవరీలో ఎవరూ ఈస్ట్ వెయ్యరు. మరిగిన వోర్ట్‌ని (ఇంకా పులియని మాల్ట్ రసాన్ని) వెడల్పాటి రాగి తొట్టిలో పోసి రాత్రంతా ఆరనిస్తారు. ఆ గాలిలో, ఆ పాత పీపాల చెక్కలో ఉన్నవే పని మొదలుపెడతాయి. మన తాటికల్లు లొట్టిలో మిగిలిన మడ్డే మర్నాటి కల్లుని పులియబెట్టినట్టు. అందుకే అక్కడ చలికాలంలోనే కాస్తారు, ఎండాకాలంలో గాలిలో చెడ్డవి ఎక్కువ. ఒకటి, రెండు, మూడేళ్ల పీపాలు కలిపితే గ్యూజ్. ఆ గాలి క్లోన్ ఎక్కడ దొరుకుతుంది?

అయినా మాస్టారు అతన్ని నీరుగార్చలేదు. 2009లో బేర్సెల్‌లోని డ్రీ ఫాంటైనెన్ బ్రూవరీలో థర్మోస్టాట్ పాడై గది వేడెక్కి వేల సీసాలు పేలిపోతే, మిగిలిన బీరుని పారబొయ్యకుండా బట్టీ పట్టి స్పిరిట్‌గా అమ్మారని చెప్పి, “ముందు ఓర్వాల్ అడుగు మడ్డితో మొదలుపెట్టు” అన్నారు. మంచి సలహా. ఓర్వాల్ సీసా అడుగున బ్రెటనోమైసిస్ అనే అడవి ఈస్ట్ బతికే ఉంటుంది. పలచటి వోర్ట్‌లో ఆ మడ్డి పోస్తే లేచి కూర్చుంటుంది. అదీ 6.2 శాతం బీరే, కుర్రాడి ఓర్పుకి సరిపోతుంది.

ఏప్రిల్ 20, శనివారం

గుడ్డి పరీక్ష. ఒక్కొక్కరికి మూడు కప్పులు, రెంట్లో ఒకటే బీరు, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో చెప్పాలి. ఊరికే ఊహించినా ముగ్గురిలో ఒకరికి తగులుతుంది, కాబట్టి అంతకంటే బాగా ఎక్కువమంది పట్టుకుంటేనే తేడా ఉన్నట్టు. ఇది మాస్టారి పద్ధతి, నాకు బాగా నచ్చిన పద్ధతి. సీసా పేరు చూశాక నాలుక నిజం చెప్పదు.

వెస్ట్‌వ్లెటెరెన్ పక్కన నాది పెడితే దాదాపు అందరూ పట్టేశారు. ఎలా పట్టారంటే, నా దాంట్లో నురగ బలంగా ఉంది, అరటిపండు పైకి తేలుతోంది. మాస్టారి సీసాలో అదంతా ఎప్పుడో అణిగి ఖర్జూరంలోకి దిగింది. చివరి పొడితనం మాత్రం రెంట్లోనూ ఒక్కలాగే ఉందని చీటీల్లో చాలామంది రాశారు. నాకు కావాల్సింది అదే. తర్వాత షాపులో కొన్న తాజా బెర్నార్డస్‌తో నాది పెట్టారు. ఈసారి సగం మంది తడబడ్డారు. వెస్ట్‌మాల్ ఈస్ట్‌తో కాచింది వాటూ బీరుకి దగ్గరగా పోయింది! దీనికి ఎవరి దగ్గరా జవాబు లేదు. వయసు ఈస్ట్‌ని మించిపోయిందని నా అనుమానం. మా ఇంట్లో అయిదు నెలల బీరుకీ ఆయన అల్మరాలో ఏళ్ల తరబడి పడుకున్న బీరుకీ పోలిక పెట్టడమే సరికాదని గట్టిగానే అన్నాను. మాస్టారు కాదనలేదు, కాగితం మీద రాసుకున్నారు.

ఇంకొకాయన పాత పద్ధతిలో స్పెషల్ బి, చాక్లెట్ మాల్ట్ గుప్పించి తెచ్చాడు. చిక్కగా, కమ్మగా, చలి రాత్రికి సరిపోయే బీరు. అందరికంటే ఎక్కువ ఓట్లు దానికే. క్లోన్‌గా మాత్రం సున్నా మార్కులు వేశాను, ఆయనతోనే చెప్పాను. ఇంకో సీసా ఇచ్చి పంపాడు.

వచ్చే బ్యాచ్‌కి ఒక్క ఈస్టే మార్చాలి, మిగతాదంతా ఇదే. వోర్ట్ రెండు ఫెర్మెంటర్లలోకి సగం సగం. ఒకదాంట్లో 3787, రెండోదాంట్లో బెర్నార్డస్ సీసా అడుగు మడ్డి పెంచి వెయ్యాలి. రెంటికీ ఒకే గది, ఒకే వేడి. పరీక్ష ఏడాది నిండాకే. ఇప్పటి సీసాల్లో డజను మాస్టారి అల్మరాలో పెట్టడానికి ఆయన ఒప్పుకున్నారు, తాళం తన దగ్గరే ఉంటుందన్న షరతు మీద.