పత్తి చేలకు రాత్రి కాపలా

గుహ కనబడకముందే వాసన తగిలింది, ముక్కుపుటాలు మండించే అమ్మోనియా ఘాటు. టెక్సస్‌లో శాన్ ఆంటోనియో నగరానికి ఉత్తరాన ఉన్న ఈ బ్రాకెన్ గుహ బ్యాట్ కన్సర్వేషన్ ఇంటర్నేషనల్ అనే సంస్థది. వాళ్ల మనిషి వెంట లేనిదే ఎవరినీ రానివ్వరు. మా అబ్బాయి ముందే పేర్లు రాయించాడు.

టార్చి వెయ్యొద్దు, గట్టిగా మాట్లాడొద్దు అని చెప్పి, దారి చూపించే ఆవిడ మమ్మల్ని బల్లల మీద కూర్చోబెట్టింది. లోపల కోటిన్నరకు పైగా గబ్బిలాలు, ఎక్కువగా తల్లులే. వసంతంలో మెక్సికో నుంచి వచ్చి తల్లికొక్క పిల్లను కంటాయి. చదరపు అడుగుకు ఐదువందల దాకా పిల్లలు అతుక్కుని ఉంటాయట. మేత నుంచి తిరిగొచ్చిన తల్లి గొంతును, వాసనను బట్టి తన పిల్లను పోల్చుకుంటుంది.

ఇంకా వెలుతురుండగానే బయల్దేరాయి. ముందు పదో పరకో, తర్వాత లెక్కకు అందవు. గుహ ముందరి గుంతలో సుడి తిరిగి, పైకి లేచి, పొలాల వైపు సాగిపోయాయి. రెక్కల చప్పుడు సన్నటి వానలా ఉంది. డేగ ఒకటి గుంపులోకి దూసుకెళ్లి ఒకదాన్ని తన్నుకుపోయింది. గుంపు చెదరలేదు.

శనగపచ్చ పురుగు మీద మందు కొట్టీ కొట్టీ, చివరికి ఏ మందుకూ లొంగని పురుగును మిగుల్చుకున్న గుంటూరు జిల్లా పత్తి రైతును నేను. దాని దాయాది పురుగే ఇక్కడ మొక్కజొన్నను, పత్తిని తింటుంది. దాని రెక్కల పురుగులు రాత్రిళ్లు గాలివాటున మెక్సికో నుంచి ఎత్తున వస్తుంటే, గబ్బిలాలు అంత ఎత్తుకూ వెళ్లి పట్టి తింటాయి. దక్షిణ మధ్య టెక్సస్‌లోని ఎనిమిది కౌంటీల పత్తికి ఇవి చేసే మేలు ఏడాదికి సుమారు 7,41,000 డాలర్లని 2006లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. గబ్బిలానికీ కూలి కట్టినవాళ్లున్నారన్నమాట!

2013లో ఈ పక్కనే 3,500 ఇళ్లు కట్టాలని ఒక ప్రతిపాదన వచ్చింది. వీధి దీపాలకు పురుగులు చేరతాయి, పురుగుల కోసం గబ్బిలాలు ఇళ్ల మీదికొస్తాయి. అప్పుడు ఎవరిని ఖాళీ చేయించమంటారో చెప్పక్కర్లేదు. మరుసటి ఏడు నగరపాలక సంస్థ, పర్యావరణ సంస్థలు, మరికొందరు కలిసి 1,521 ఎకరాలను సుమారు 2 కోట్ల డాలర్లకు కొనేశారు.

"ఎకరం పదమూడు వేల డాలర్లు నాన్నా!" అన్నాడు మావాడు.

"మనూళ్లో ఆ డబ్బుకు ఎకరం ఎవడిస్తాడ్రా?" అన్నాను.