వన్ బై టూ

మొన్న ఆదివారం మా మనవడు ఇంటికొచ్చాడు. వస్తూనే ఆకలన్నాడు. మా ఆవిడ వంటింట్లోకి పోయి మూకుడు పొయ్యిమీద పెట్టేలోపల వాడు ఫోను తీసి వేలితో రెండుమార్లు తట్టాడు. అరగంట తిరక్కుండా ఒక కుర్రవాడు మోటారు సైకిలు మీద వచ్చి అట్టపెట్టె ఒకటి చేతికిచ్చి పోయాడు. తెరిచి చూస్తే బర్గరు. రెండు బన్నుముక్కల మధ్య ఆలుగడ్డ వడ, దానిమీద ఏదో పచ్చి ఆకు. దీనికోసం కాగుతున్న నూనెను దింపించాడు.

"తాతా, మీ చిన్నప్పుడు ఫాస్ట్‌ఫుడ్ ఉండేదా?" అని అడిగాడు నోటినిండా పెట్టుకుని.

నేను జవాబు చెప్పబోయేంతలో మా ఆవిడ అందుకుంది.

"మీ తాతకా? ఆయన ఇంట్లో అన్నం ఎప్పుడు తిన్నారో అడుగు. పెరిగిందంతా ఇరానీ హోటల్లోనే."

ఇందులో అతిశయోక్తి ఉంది గాని అబద్ధం లేదు.

మా ఇల్లు శాలిబండలో ఉండేది. హైదరాబాదు పాతబస్తీ ఎరగని పాఠకుల కోసం చెబుతున్నాను: చార్మినారుకు దక్షిణాన, తీరిగ్గా నడిస్తే ఇరవై నిమిషాల దూరం. పాతబస్తీలో అంతా ఉర్దూయే అనుకుంటారు చాలామంది. మా సందులో పదిళ్లుంటే ఆరు తెలుగువాళ్లవి. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు. మూడింటిలోనూ తప్పులు రాసేవాణ్ణి.

సందు మొగదల ఇరానీ హోటలు ఉండేది. ఈ హోటళ్లు ఎక్కువగా మూలమీదే ఉంటాయి, గమనించారా? మూలస్థలం అచ్చిరాదని మనవాళ్లు వదిలేస్తే వాళ్లు పట్టుకున్నారని పెద్దలు చెప్పేవారు. రెండు వీధుల జనం ఒకే గుమ్మంలోకి వచ్చిపడుతుంటే అది అచ్చిరాకపోవడమేమిటో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. ఇరాన్‌లోని యజ్ద్ వంటి చోట్లనుంచి బయల్దేరి, బొంబాయి పూనాల మీదుగా మా ఊరు చేరిన కుటుంబాలవి. ఎక్కడి యజ్దు, ఎక్కడి శాలిబండ!

లోపల చలువరాతి బల్లలు, వంపుతిరిగిన నల్ల కర్ర కుర్చీలు, గోడలకు నిలువెత్తు అద్దాలు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా ఆ రాతిమీద మోచెయ్యి ఆనిస్తే చల్లగా ఉండేది. గల్లా దగ్గర తెల్లని మనిషి ఒకాయన. నవ్వగా చూసినవాడు లేడు. ఆయన వెనక గాజు సీసాల్లో ఉస్మానియా బిస్కత్తులు, ఫైన్ బిస్కత్తులు, పక్కన దిల్‌ఖుష్‌లు. కూర్చోగానే పనివాడు అడక్కుండానే ఉల్లిపాయ సమోసాల పళ్లెం తెచ్చి బల్లమీద పెట్టేవాడు. తిన్నన్ని తినడం, మిగిలినవి వదలడం. లేచేటప్పుడు వాడు పళ్లెంవంక ఒక్కచూపు చూసి లెక్కగట్టి, అక్కణ్ణుంచే గల్లాకు వినిపించేలా అరిచేవాడు, "టోపీవాలే సాబ్, చాలీస్ పైసే!" అని. వీధివీధంతటికీ తెలిసేది టోపీ ఆసామి ఎన్ని తిన్నాడో.

చాయ్ చేసే పద్ధతే వేరు. మన ఇళ్లల్లోలాగా పాలూ నీళ్లూ ఆకూ కలిపి పొంగించరు. రాగిపాత్రలో డికాక్షను మూతవేసి, ఆవిరి పోకుండా సన్నసెగమీద మగ్గనిస్తారు. పాలు వేరే గిన్నెలో గంటలకొద్దీ మరిగి చిక్కబడి లేత గోధుమరంగుకు తిరుగుతాయి. రెండూ కలిసేది కప్పులోనే, ఆఖరి నిమిషంలో. అందుకే "ఏక్ చాయ్" అన్న మాట నోట్లో ఉండగానే కప్పు బల్లమీద ఉండేది. తీపి ప్రియులకు చంచా నిటారుగా నిలబడేంత చక్కెర వేసి ఇచ్చే చాయ్ మరొకటి, 'ఖడే చమ్మచ్ కీ చాయ్' అని. మా మనవడి మోటారు సైకిలు దీనిముందు ఏమూల?

ఇక ఉస్మానియా బిస్కత్తు. ఆఖరు నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరుమీద వచ్చిందంటారు. ఉస్మానియా ఆస్పత్రిలో రోగులకోసం చేయించారని మరొక కథ. ఏది నిజమైనా, కొంచెం ఉప్పు, కొంచెం తీపి కలిసిన ఆ బిస్కత్తును చాయ్‌లో ముంచి తియ్యడం ఒక విద్య. ఒక్క క్షణం ఆలస్యమైతే విరిగి అడుగున పడుతుంది. అందులో గుడ్డు ఉందా లేదా అని మాబోటివాళ్లు అడిగేవాళ్లం కాము. అడిగితే చెబుతారేమోనని భయం.

ఎందుకంటే మా ఇంట్లో మడీ ఆచారం. నాయనమ్మ బతికున్నంతకాలం ఉల్లిపాయ కూడా దొంగతనంగానే వచ్చేది. మా నాయన ఒక సర్కారీ దఫ్తరులో గుమాస్తా. ఆయన ఒకే ఒక శాసనం చేశాడు: "ఇరానీ హోటల్ల అడుగు పెట్టినవంటే కాళ్లు విరగ్గొడ్త." నేను పదకొండో ఏటనే పెట్టాను. దోస్తు ఒకడు తీసుకుపోయాడు. గుమ్మానికి వీపు పెట్టి మూల బల్లదగ్గర కూర్చున్నాం. వాడు చాయ్ సాసర్లో పోసుకుని ఊదుతున్నాడు. నేను తలెత్తి ఎదురుగా ఉన్న అద్దంలోకి చూశాను.

అద్దంలో మా నాయన.

మా వెనక మూడో బల్లదగ్గర కూర్చుని ఉన్నాడు. తల మీది నల్లటోపీ తీసి బల్లమీద పెట్టుకున్నాడు. రెండు వేళ్లమధ్య బిస్కత్తు పట్టుకుని చాయ్‌లో ముంచుతున్నాడు. ముంచినవాడు ముంచినట్టే ఆగిపోయి అద్దంలోనే నావంక చూశాడు. ఇద్దరం ఎంతసేపు అట్లా చూసుకున్నామో చెప్పలేను. బిస్కత్తు విరిగి చాయ్‌లో పడింది.

ఆ రాత్రి ఇంట్లో ఏ గొడవా జరగలేదు. మర్నాడు పొద్దున చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు నెమ్మదిగా, "అద్దానికి ఎదురుగ కూసోకురా." అంతే. రెండేళ్లపాటు మేమిద్దరం ఒకే హోటలుకు వేర్వేరు వేళల్లో పోతూ వచ్చాం. ఆయన వేళ నాకు తెలుసు, నా వేళ ఆయనకు తెలుసు. అమ్మకు ఇద్దరి సంగతీ తెలుసునని తర్వాత బయటపడింది. చొక్కాల మీద వాసన వచ్చేదట.

హోటలుకు నాలుగిళ్లవతల సావుకారి దుకాణం. సరుకంతా బేగంబజారునుంచి బండిమీద వచ్చేది. గోతాలమధ్య సన్నటి దారి, పైన వేలాడే తక్కెడ, ఎండుమిరపకాయల ఘాటు, బెల్లంమీద ముసిరే ఈగలు. అప్పటికి కొత్త తూకాలు వచ్చి కొన్నేళ్లయింది. సావుకారి చేతిలో ఉన్నది కిలో రాయి, నోట్లో ఉన్నది సేరు, ఛటాకు. నయాపైసలు 1957లో వచ్చినా ఆయనకు అణాలే లెక్క. మా నాయన కాలానికి ఇంకొక చిక్కు ఉండేదట, నిజాము హాలీ రూపాయి వేరు, ఇండియా రూపాయి వేరు. ఇంత గందరగోళంలోనూ సావుకారి లెక్క ఎన్నడూ తప్పలేదు. కొసరు మాత్రం అడిగితేనే ఇచ్చేవాడు.

పొట్లాలు కట్టేది పాత పత్రికల కాగితాల్లో. చింతపండు వచ్చిన కాగితంలో వారపత్రిక సీరియలు సగం ఉండేది. అమ్మ పొట్లం విప్పి, చింతపండు జాడీలో వేసి, ఆ కాగితాన్ని చీరచెంగుతో తుడిచి గడపదగ్గర కూర్చుని చదివేది. హీరోయిను రైలెక్కిందా లేదా అన్నదగ్గర కాగితం అయిపోయేది. మిగతా సగం ఎవరింటికి కందిపప్పుతో పోయిందో! ఒకసారి నాతో కబురు పంపింది, ఆ కథ తాలూకు కాగితాలు కనిపిస్తే తీసిపెట్టమని. సావుకారి నవ్వాడు గాని, ఆనాటినుంచి మా ఇంటికి పసుపు కూడా సీరియల్లోనే చుట్టి ఇచ్చేవాడు.

1969 వచ్చింది. తెలంగాణా ఉద్యమం. బళ్లు మూతపడ్డాయి. మాకు మొదట్లో పండగే. జూన్‌లో ఎన్జీవోలు సమ్మెకు దిగారు. మా నాయన కూడా దిగాడు. పని లేదు, జీతమూ లేదు. మొదటివారం ఇంట్లో గొప్పగానే మాట్లాడుకున్నాం. రెండోవారం చక్కెర డబ్బా అడుగు కనిపించింది. తర్వాత అమ్మ పొద్దున పూట వంట ఆలస్యం చెయ్యడం మొదలుపెట్టింది, రెండు పూటలకూ ఒకటే అయ్యేట్టు.

సావుకారి దుకాణానికి పొమ్మంటే పోనని మొండికేశాను. ఖాతా పుస్తకంలో మా పేజీ కిందిదాకా నిండిందని నాకు తెలుసు. నాయన అప్పటికే ఆ దుకాణం ముందునుంచి నడవడం మానేసి వెనకసందు పట్టాడు. అమ్మ నన్ను తిట్టలేదు. సంచీ నా చేతికిచ్చి తలుపు దగ్గర నిలబడింది. పోయాను.

దుకాణంలో నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లంతా పోయిందాకా గోతాం వెనక నిలబడ్డాను. సావుకారి నన్ను చూడనట్టే ఊరుకుని, ఆఖరికి "ఏం చిన్నపంతులూ, ఏం గావాలె?" అన్నాడు. బియ్యం, కందిపప్పు అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఆయన ఎర్రబట్ట అట్ట వేసిన చిట్టా తీశాడు. మా పేజీ దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూశాడు. నేను సంచీ మడిచేశాను.

"ఈ పేజీ నిండిందిరా. చోటు లేదు," అని ఆ పేజీ తిప్పేసి, కొత్త పేజీ మీద పసుపు బొట్టుపెట్టి, పైన మా నాయన పేరు రాశాడు. బియ్యం తూచాడు. "వెనకసందుల పొద్దుగాల కుక్కలుంటయి. ఇటునుంచే పొమ్మని చెప్పు మీ నాయనకు," అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పాను. నాయన పేపరు చాటునుంచి ముఖం తియ్యలేదు.

ఇరానీ హోటల్లో మాత్రం అరువు సాగదు. గల్లా వెనక ఉర్దూలో బోర్డు, 'ఆజ్ నగద్, కల్ ఉధార్' అని. నాయన చాయ్ మానేశాడు. మానేసినట్టు ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే తాగుతున్నట్టూ ఎప్పుడూ చెప్పలేదు కదా! సాయంత్రమయ్యేసరికి తలకు తడిగుడ్డ చుట్టుకుని గుమ్మంలో కూర్చునేవాడు. తలనొప్పి ఎందుకో అమ్మకు తెలుసు. ఒకరోజు గోడవైపు తిరిగి నాతో అంది, "నీ డబ్బిల పైసలేమన్న ఉన్నయా?"

చిల్లర లెక్కబెట్టాను. ఒక చాయ్‌కి సరిపోయి ఒక బిస్కత్తుకు మిగిలింది.

"నాయనా, అట్ల పోయొద్దాం రా," అన్నాను. ఎక్కడికని అడగలేదు. టోపీ పెట్టుకుని లేచాడు. సందు మొగదల ఇద్దరం ఒక క్షణం తటపటాయించి, ఒకేసారి గుమ్మం ఎక్కాం. అద్దానికి ఎదురుగా ఉన్న బల్లే ఖాళీగా ఉంది. పనివాడు వచ్చి నిలబడ్డాడు. నేను నోరు తెరిచేలోపల నాయన అన్నాడు:

"వన్ బై టూ."

ఒకే చాయ్, రెండు కప్పుల్లో సగం సగం. కొత్తవాళ్లకు ఇది పిసినారితనంగా కనిపిస్తుంది గాని, మా ఊళ్లో అది అందరికీ తెలిసిన మర్యాదే. బిస్కత్తు విరిచి పెద్దముక్క నావైపు జరిపాడు. నేను మళ్లీ ఆయనవైపు జరిపాను. అది కాసేపు బల్లమీద అటూ ఇటూ తిరిగింది. లేచేటప్పుడు పనివాడు లెక్క అరవలేదు. మా బల్లదగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. గల్లా దగ్గర నేను చిల్లర పోస్తుంటే నాయన బయటికి పోయి చార్మినారువైపు చూస్తూ నిలబడ్డాడు.

సమ్మె ముగిసింది. సావుకారి బాకీ తీరడానికి సంక్రాంతి దాటింది. తీరిన రోజున సావుకారి ఆ పేజీమీద అడ్డంగా గీత కొట్టి, అడక్కుండానే కొసరు ఇచ్చాడు, అరచేతినిండా పుట్నాలు.

ఇదంతా మనవడికి చెప్పాననుకునేరు. చెప్పలేదు. వాడు ఫోను చూసుకుంటున్నాడు. మర్నాడు పొద్దున్నే మెట్రో ఎక్కించి, దిగి ఆటో మాట్లాడి చార్మినారు తీసుకుపోయాను. మా సందు మొగదల హోటలు ఎప్పుడో మూతపడింది, ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల దుకాణం. సావుకారి దుకాణం ఉన్నచోట మూడంతస్తుల మేడ. ఇరానీ హోటళ్లు చాలావరకు అట్లాగే పోయాయి. అయినా అంతా పోలేదు. పాతబస్తీలో నాలుగు మూలల రొట్టెలు ఈనాటికీ కాలుతున్నాయి. గుల్జార్‌హౌజ్ చుట్టుపక్కల పొద్దున్నే వెన్నదోసెల బండ్లముందు జనం మూగుతున్నారు. చార్మినారు పక్కనే నిమ్రా ఉంది. అది మా కాలంది కాదు, 1993లో వచ్చింది. కాని చాయ్ చాయ్‌లాగానే ఉంది.

మనవడు బిస్కత్తు ముంచాడు. విరిగి పడిపోయింది. చంచాకోసం దిక్కులు చూశాడు.

"ఇంకొకటి తీసుకో," అన్నాను.

నాలుగోదానికి పట్టు దొరికింది. రెండో చాయ్ కావాలన్నాడు. నాకు డాక్టరు చక్కెర తగ్గించమన్నాడు కనక, వన్ బై టూ చెప్పాను.

ఇంటికి పావుకిలో ఉస్మానియాలు పట్టుకొచ్చాం. మా ఆవిడ డబ్బాలో పోసి, నావంక ఒక చూపు చూసి, నా చెయ్యి అందని పైఅరలో పెట్టింది. ఆ సాయంత్రం మనవడు వాళ్లింటికి వెళ్లిపోయాడు. మర్నాడు స్టూలు వేసుకుని ఎక్కి లెక్కపెట్టాను. నాలుగు తక్కువున్నాయి. నేను తినలేదు.