విశ్రాంతి దినాన ఆగిన చక్రం

స్కాట్లండు ప్రధాన భూభాగానికి వాయవ్యంగా, అట్లాంటిక్ మహాసముద్రంలో అవుటర్ హెబ్రిడీస్ అనే దీవుల వరుస ఉంది. వాటిలో ఉత్తరాన ఉన్న పెద్ద దీవిలో పైభాగాన్ని లూయిస్ అనీ, దక్షిణ భాగాన్ని హారిస్ అనీ పిలుస్తారు. రెండు భాగాలూ కలిపి జనాభా సుమారు 20 వేలు. చెట్లు అరుదు. కనుచూపు మేర పీట్ అనే తడి నల్లమట్టి నేల. అక్కడివారు ఆ మట్టిని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, చలికాలంలో పొయ్యిలో కాల్చుకుంటారు. పడమటి తీరాన తెల్లని ఇసుక, ఆ ఇసుకను ఆనుకొని సన్నని పచ్చిక. కాలనిష్ అనే చోట సుమారు 5 వేల ఏళ్ళనాడు మనుషులు నిలబెట్టిన రాళ్ళు నేటికీ నిలిచి ఉన్నాయి. నిలిపిన చేతులు ఏనాడో మట్టిలో కలిసిపోయాయి.

గ్లాస్గోలో ఉద్యోగం చేసే మా అబ్బాయి పట్టుబట్టి మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్ళాడు. ప్రయాణానికి అద్దెకు తీసుకున్నది ఒక మోటార్‌హోమ్. పడకలు, పొయ్యి, నీళ్ళ తొట్టి, మరుగుదొడ్డి అన్నీ ఒకే వాహనంలో అమర్చిన చక్రాల ఇల్లు అది. హలాల్ భోజనం దొరకని చోట సొంత వంట, వుజూకు సొంత నీళ్ళు, పరదాకు సొంత గది ఉంటాయి కనుక ముస్లిం కుటుంబానికి అది ఎంతో అనుకూలమని మాకూ తోచింది. అల్లాపూల్ అనే చిన్న రేవులో వాహనంతో సహా ఓడ ఎక్కితే, రెండున్నర గంటలు దాటాక లూయిస్‌లోని స్టార్నొవే పట్టణం వస్తుంది.

శుక్రవారం నాడు అక్కడ దిగి, స్టార్నొవే మసీదులో జుముఆ నమాజు చేశాము. ఆ దీవుల్లో అదే మొదటి మసీదు. 2018 మే నెలలో, రమజాన్ మొదలయ్యే ముందు, దాని తలుపులు తెరుచుకున్నాయి. అంతకు ముందు అనేక దశాబ్దాలుగా అక్కడ స్థిరపడిన కొద్దిపాటి ముస్లిం కుటుంబాలు ఇళ్ళలోనే నమాజు చేసుకునేవి. మన ఊళ్ళలో పడమరకు తిరిగి నిలబడే మేము అక్కడ ఆగ్నేయానికి తిరిగి నిలబడ్డాము. దిక్కు మారింది, గమ్యం మారలేదు. జూన్ నెల కావడం వల్ల రాత్రి పదిన్నరకు సూర్యాస్తమయం. ఆ తర్వాత కూడా ఆకాశం పూర్తిగా చీకటి పడదు. ఇషా వేళ విషయంలో మసీదువారి పట్టికనే అనుసరించాము.

ఆ సాయంత్రమే దీవి పడమటి కొసన ఉన్న ఊయిగ్ ప్రాంతానికి చేరి, సముద్రం ఎదుట కొద్దిగా వాలుగా ఉన్న స్థలంలో వాహనాన్ని నిలిపాము. వాలు కావడం వల్ల అబ్బాయి హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి ఉంచాడు. రెండు రాత్రులూ ఉప్పుగాలి, జల్లు వాన. ఆదివారం మధ్యాహ్నం బయలుదేరి స్టార్నొవే చేరుకోవాలి. సోమవారం ఉదయపు ఓడలో మాకు చోటు ఉంది. అది తప్పితే, వేసవి రద్దీలో ఇంత పెద్ద వాహనానికి మళ్ళీ చోటు దొరకడానికి ఎన్ని రోజులు పడుతుందో తెలియదు. మా కోడలికి ఏడవ నెల. రెండు రోజులుగా కాళ్ళు వాచి ఉన్నాయి. మంగళవారం గ్లాస్గో ఆసుపత్రిలో ఆమెకు పరీక్ష ఉంది.

అబ్బాయి బండి స్టార్ట్ చేసి, హ్యాండ్‌బ్రేకు దించి ముందుకు పోనిచ్చాడు. బండి ఒక మూరెడు జరిగి, వెనుక ఎడమవైపు కుంటినట్లు లాగింది. దిగి చూస్తే ఆ చక్రం తిరగలేదు. బిగుసుకున్న చక్రాన్ని ముందు చక్రాలు ఈడ్చుకువచ్చాయి. నేలపై నల్లని గీత పడింది.

అద్దెకు ఇచ్చినవారికి ఫోను చేస్తే, ఆదివారం కనుక ఎవరూ రాలేరనీ, సోమవారం మధ్యాహ్నం మనిషిని పంపుతామనీ చెప్పారు. లూయిస్‌లో ఆదివారం అంటే ఏమిటో పాఠకులకు చెప్పాలి. అక్కడి ప్రెస్బిటేరియన్ క్రైస్తవులు ఆ దినాన్ని పూర్తిగా ఆరాధనకూ విశ్రాంతికీ కేటాయిస్తారు. ఆరేసిన బట్టలు కూడా కనిపించవు. స్టార్నొవే నుండి అల్లాపూల్‌కు ఆదివారపు ఓడ మొట్టమొదట 2009 జూలైలో మాత్రమే నడిచింది. అదీ ఎంతో వాదోపవాదం తర్వాతే.

అబ్బాయి సహనం కోల్పోయాడు. “అబ్బాజాన్, గట్టిగా ఆక్సిలేటర్ తొక్కితే అదే ఊడి వస్తుంది. రాకపోతే ఇలాగే ఈడ్చుకుంటూ పోదాం” అంటూ చక్రాన్ని కాలితో తన్నాడు. స్టార్నొవే సుమారు 35 మైళ్ళ దూరం. దారిలో చాలా భాగం ఒక్క బండి పట్టే ఇరుకు రోడ్డు. తిరగని చక్రాన్ని ఈడిస్తే టైరు ఒకచోటే అరిగి పగిలిపోతుంది. అరకొరగా తిరిగితే బ్రేకు కాలిపోయి మంటలు రేగే ప్రమాదం ఉంది. బండిలో గ్యాసు సిలిండరు, గర్భిణి ఉన్నారు.

మేము అబ్బాయిని పక్కన కూర్చోబెట్టి హుదైబియా సంఘటన గుర్తు చేశాము. హిజ్రీ 6వ సంవత్సరంలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సహచరులతో ఉమ్రాకై మక్కా వైపు వెళుతుండగా ఆయన ఒంటె ఖస్వా దారిలో కూర్చుండిపోయింది. ప్రజలు దానిని మొండికేసిందన్నారు. అది దాని స్వభావం కాదనీ, నాడు ఏనుగును ఆపినవాడే నేడు దీనిని ఆపాడనీ ప్రవక్త (స) తెలియజేశారు. మూగజీవిపై నింద పడనివ్వలేదు. ఆ మహత్తర సంఘటనకూ మా చిన్న ఇబ్బందికీ పోలిక లేదు. కానీ ఆగిన వాహనాన్ని తిట్టడానికి ముందు ఎందుకు ఆగిందో తెలుసుకోవాలనే మర్యాద అందులో మాకు కనిపిస్తుంది. వాహనాలను శపించవద్దని కూడా ప్రవక్త (స) వారించారు కదా. అబ్బాయి తల దించుకున్నాడు. జుహర్ వేళ అయింది. ముసాఫిర్లము కనుక నాలుగు రకాతులకు బదులు రెండు చదివి, అల్లాహ్‌ను వేడుకున్నాము.

నమాజు ముగించి లేచేసరికి, నల్లని కోటు తొడుక్కున్న ఒక వృద్ధుడు రోడ్డుపై నిలబడి మా వైపే చూస్తున్నాడు. చర్చి నుండి ఇంటికి తిరిగి వెళుతున్నాడు. మా నమాజు ముగిసేవరకూ ఆగి, తర్వాతే దగ్గరకు వచ్చాడు. గొర్రెలు పెంచుకునే రైతు. చక్రం చూశాడు, నల్లని గీత చూశాడు, నీడలో కూర్చున్న మా కోడలిని చూశాడు. కాసేపు మౌనంగా ఉండి అబ్బాయితో అన్నాడు: “ఈ రోజు మేము పని చేయము. అయితే తప్పనిసరి అయినదీ, దయతో చేసేదీ మాకు నిషిద్ధం కాదు.”

అది ఆయన అప్పటికప్పుడు కల్పించిన మినహాయింపు కాదు. 17వ శతాబ్దంలో రూపొందిన, స్కాట్లండు ప్రెస్బిటేరియన్లు ప్రామాణికంగా భావించే వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రకటనలోనే విశ్రాంతి దినాన ఆ రెండు రకాల కర్తవ్యాలకు చోటు ఉంది. మదరసాలో ఫిఖ్‌హ్ పాఠాలు చెప్పే మాకు ఆ మాట పరిచితంగా వినిపించింది. గత్యంతరం లేని అవసరం నిషిద్ధాన్ని అనుమతిస్తుందనీ, ఆ అనుమతి కూడా అవసరమున్నంత మేరకేననీ మన ఫుఖహా సూత్రీకరించారు. మన జుముఆ వారి ఆదివారం వంటిది కాదు. పిలుపు వినిపించగానే వ్యాపారం విడిచి నమాజుకు రావాలి, నమాజు ముగిశాక అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషిస్తూ భూమిపై విస్తరించవచ్చు అన్నది మనకు ఖుర్ఆన్ ఇచ్చిన ఆదేశం. వారి నియమం వేరు, మన నియమం వేరు. కానీ నియమాన్ని నిజంగా గౌరవించేవాడే దానిలో దయకు ఉన్న చోటును కూడా ఎరిగి ఉంటాడని ఆ వృద్ధుని చూసి గ్రహించాము.

ఆయన ఇంటికి వెళ్ళి, కోటు విప్పకుండానే, కంచె గుంజలు దిగగొట్టే కర్రసుత్తి, ఒక చెక్కముక్క పట్టుకు వచ్చాడు. ముందుగా ముందు చక్రాలకు ఇరువైపులా రాళ్ళు పెట్టించాడు. “బండి కింద తల పెట్టే ముందు బండి కదలకుండా చూసుకోవాలి” అన్నాడు. ఆ తర్వాత హ్యాండ్‌బ్రేకును పదిసార్లు లాగి వదలమని చెప్పి, తాను చక్రం దగ్గర చెవి పెట్టి విన్నాడు. తీగ కదులుతోంది, బ్రేకు మాత్రం విడివడటం లేదు. ఉప్పుతేమకు తుప్పు పట్టి, బ్రేకు పలక ఇనుముకు అతుక్కుపోయిందన్నమాట. చక్రం వెనుక భాగాన చెక్కముక్క ఆనించి, సుత్తితో చిన్న చిన్న దెబ్బలు చుట్టూ వేశాడు. ఒక్క పెద్ద దెబ్బ కూడా వేయలేదు. రాళ్ళను జానెడు దూరం జరిపించి, బండిని మెల్లగా వెనక్కు, మెల్లగా ముందుకు కదిలించమన్నాడు. మూడవసారి “టక్” మన్న శబ్దం వచ్చింది. చక్రం తిరిగింది. అల్హమ్దులిల్లాహ్!

ఒక మైలు నెమ్మదిగా వెళ్ళి ఆగి, చక్రాలకు తగలకుండా దగ్గరగా అరచేయి పెట్టి చూడమన్నాడు. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉన్నా, మాడిన వాసన వచ్చినా ముందుకు పోవద్దన్నాడు. అబ్బాయి కృతజ్ఞతతో కొంత డబ్బు ఇవ్వబోయాడు. ఆయన చేయి వెనక్కు తీసుకున్నాడు. “అది తీసుకుంటే ఇది పని అవుతుంది. ఈ రోజు నేను పని చేయను” అన్నాడు. పిల్లల తల్లి ఇచ్చిన ఖర్జూరాలు మాత్రం రెండు తీసుకుని, ఒకటి అక్కడే తిన్నాడు.

మైలు దాటాక ఆగి చూశాము. నాలుగు చక్రాలూ ఒకే తీరున ఉన్నాయి. ఆ సాయంత్రానికి స్టార్నొవే, మరునాడు ఓడ, మంగళవారం ఆసుపత్రి. తల్లీ బిడ్డా క్షేమమని డాక్టరు చెప్పారు.

దారిలో చిక్కుకున్న బాటసారిని ఖుర్ఆన్ ఇబ్నుస్సబీల్ అన్నది. జకాత్ వెచ్చించవలసిన ఎనిమిది పద్దులలో బాటసారిది ఒకటి. ఇంటివద్ద కలిగినవాడైనా సరే, దారిలో నిస్సహాయుడైతే అతనికి హక్కు ఉంటుంది. మన జాతీయ రహదారుల పక్కన బానెట్ ఎత్తి నిలబడిన కుటుంబాలను దాటుకుంటూ ఎన్ని బండ్లు పోవడం లేదు? నమాజుకో, పెళ్ళికో ఆలస్యమవుతుందని మనం చెప్పుకునే కారణాలు నిజమైనవే కావచ్చు. ఆ వృద్ధునికి అంతకంటే పెద్ద కారణమే ఉంది. అది ఆయన ధర్మం. అయినా ఆయన ఆగాడు.

ఇక చక్రం విషయం మన ఇళ్ళకూ పనికివచ్చేదే. గల్ఫ్ దేశాల నుండి సెలవుపై వచ్చే మన పిల్లలు కారును నెల, రెండు నెలలు ఎండకూ సముద్రపు తేమకూ వదిలి వస్తారు. కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాలలో వానాకాలమంతా కదలని బండ్లు ఉంటాయి. సమతల నేలపై ఎక్కువ రోజులు నిలిపేటప్పుడు హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచకుండా, గేరులో ఉంచి, చక్రాలకు ఇరువైపులా చెక్కలో ఇటుకలో పెట్టడం మేలు. పంక్చరైన చక్రం బోల్టులన్నీ విప్పినా ఊడి రాకపోవడం మరొక రకం బిగుసుకోవడం. అప్పుడు చక్రం మధ్యభాగం వెనుక ఉన్న ఇనుముకు తుప్పుతో అతుక్కుని ఉంటుంది. జాకీపై లేపిన బండిని ఊపడం, దాని కిందికి దూరడం ప్రాణాంతకం. బండి నేలమీద ఉండగానే బోల్టులను ఒక్క చుట్టు వదులు చేసి, ఒకటి రెండు అడుగుల మేర ముందుకూ వెనక్కూ మెల్లగా కదిపితే చాలావరకు విడివడుతుంది. విడివడిన వెంటనే బోల్టులు మళ్ళీ బిగించి, ఆ తర్వాతే జాకీ ఎక్కించాలి. అప్పటికీ రాకపోతే మెకానిక్కును పిలవడమే క్షేమం.

ఒంటెను కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని ప్రవక్త (స) బోధించారు. కట్టడం ఎంత అవసరమో, కట్టు బిగుసుకుపోయినప్పుడు తెంపకుండా విప్పడమూ అంతే అవసరం. ఇళ్ళలో మాట పట్టింపులతో ఆగిపోయిన బంధుత్వాలు కూడా పెద్ద దెబ్బకు విడివడవు. ఎక్కడ తుప్పు పట్టిందో విని, చుట్టూ చిన్న చిన్న దెబ్బలు వేయాలి. మన నియమాలలో దయకున్న చోటును గుర్తించే చూపును, దారిలో ఆగినవారి కోసం మనమూ ఆగే మనసును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.